గ్రీసుకు బయలుదేరుతున్న అమ్మాయికి

గుంటూరు

చిరంజీవి అమ్ములుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీవు పంపిన కార్యక్రమ పత్రాన్ని తీరిగ్గా చదివాను. ఏథెన్సుతో మొదలుపెట్టి ఒలింపియా, క్రీటు ద్వీపం మీదుగా టీనోస్ ద్వీపం దాకా మీ అధ్యాపకులు వేసిన దారి నాకు నచ్చింది. అందులో ప్రాచీన శిల్పాలున్న మ్యూజియములతో పాటు, నేటికీ మట్టినీ పాలరాయినీ నమ్ముకుని బతుకుతున్న ఊళ్ళు కూడా ఉన్నాయి. వీసా, బీమా, డబ్బు సంగతులు మీ నాన్నగారు నీతో మాట్లాడుతూనే ఉన్నారు కనుక వాటి జోలికి నేను పోను.

కళాచరిత్ర చదివేవారిలో ఒక అలవాటు చూశాను. శైలి పేరు, శతాబ్దం, దొరికిన చోటు చెప్పగలిగితే చాలు, ఆ వస్తువు అర్థమైపోయిందనుకుంటారు. నీవు ఆ మూడూ రాసుకో, కాని అక్కడ ఆగకు. దీన్ని దేనితో చేశారు, ఏ పని ముందు చేసి ఏది తరువాత చేశారు, ఎక్కడ చెయ్యి తప్పితే మొత్తం పాడయ్యేది, చేసినవాడికి కూలి ఎంత ముట్టింది అని అడుగుతూ వెళ్ళు. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నాకు ఈ ప్రశ్నలే ముందు తోస్తాయి.

ఏథెన్సు జాతీయ పురావస్తు మ్యూజియంలో డిపిలాన్ ఆంఫొరా అనే పెద్ద కుండ ఉంది. క్రీ.పూ. 750 ప్రాంతానిది. ఎత్తు 155 సెంటీమీటర్లు, అంటే నీ భుజాలు దాటి వస్తుంది. అంత కుండను సారె మీద ఒక్క ఎత్తున లేపడం ఎవరి తరమూ కాదు. భాగాలుగా చేసి, కింది భాగం కొంత ఆరి బరువు మోయగలిగాక పై భాగాన్ని దానికి అతికించారు. ఒక స్త్రీ సమాధి మీద గుర్తుగా నిలిపిన కుండ అది. ఒళ్ళంతా గీతల అల్లిక, మధ్యలో ఒక పట్టీలో పాడె మీద పడుకోబెట్టిన ఆమె, అటూ ఇటూ తల మీద చేతులు పెట్టుకుని ఏడ్చేవారు. మనుషుల ఛాతీలన్నీ త్రిభుజాలే, ముఖాల్లో భావమంటూ ఏమీ లేదు. అయినా దుఃఖం తెలుస్తుంది. మన పల్లెల్లో శవం దగ్గర ఏడ్చే ఆడవాళ్ళ చేతులు ఎక్కడుంటాయో చూసినదానివి కనుక నీకు దాన్ని ఎవరూ వివరించనక్కరలేదు.

తరువాతి శతాబ్దాల నల్లబొమ్మల కుండలు, ఎర్రబొమ్మల కుండల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నా మాట గుర్తుంచుకో. వాటి మీద మెరిసే నలుపు రంగూ కాదు, మన పచ్చళ్ళ జాడీల మీద కనిపించే గాజు పూతా కాదు. మట్టిని నీళ్ళలో బాగా కలిపి, బరువైన రేణువులు అడుగున పేరుకున్నాక పైన మిగిలే అతి మెత్తని భాగాన్ని తీసి చిక్కబరిచి, దానితో బొమ్మ వేశారు. ఆవంలో పెట్టే వేళకు బొమ్మకూ కుండకూ రంగులో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా నిప్పు దగ్గరే పుడుతుంది. మొదట గాలిని ధారాళంగా ఆడనిస్తే మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి కుండంతా ఎర్రబడుతుంది. వేడి 900 డిగ్రీల ప్రాంతానికి చేరినప్పుడు గాలి దారులు మూసి పచ్చికట్టెలు వేస్తారు. లోపల పేరుకున్న కార్బన్ మోనాక్సైడ్ ఇనుము నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, కుండా పూతా రెండూ నల్లబడతాయి. అదే వేడికి మెత్తని రేణువుల పూత గాజులా గట్టిపడి మూసుకుపోతుంది, గరుకు మట్టి మాత్రం సన్నని రంధ్రాలతోనే ఉంటుంది. చివరకు మళ్ళీ గాలి వదిలినప్పుడు ఆ రంధ్రాల గుండా ఆక్సిజన్ చొరబడి కుండ తిరిగి ఎర్రబడుతుంది, మూసుకుపోయిన పూతలోకి దానికి దారి ఉండదు కనుక బొమ్మ నల్లగానే నిలిచిపోతుంది. నలుపుకూ ఎరుపుకూ మూలం ఒకే ఇనుము. ఉష్ణమాపకం లేని కాలంలో కేవలం మంట రంగు చూసి ఈ పని చేశారంటే, నాకు ఏథెన్సు అక్రోపోలిస్ కొండ మీది పార్థినాన్ ఆలయం కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

అందుకని నల్లగా ఉండవలసిన చోట ఎర్రమచ్చ పడిన కుండ ఏదైనా కనబడితే దాని ముందు ఎక్కువసేపు నిలబడు. గాలి ఎప్పుడు ఎక్కువైందో, పూత ఎక్కడ పలచనైందో అది చెబుతుంది, నిర్దోషమైన కుండ చెప్పదు. ఇదే కారణంతో, నాక్సోస్ ద్వీపానికి వెళ్ళే వీలు దొరికితే అక్కడి పాత రాతిగనుల్లో పూర్తికాకుండా పడి ఉన్న భారీ విగ్రహాలను తప్పక చూడు. ముఖమూ వేళ్ళూ ఇంకా రాని ఆ రాళ్ళ మీద ఉలి ఏ దిక్కు నుంచి ఎంత లోతుకు పోయిందో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక చేసినవారి సంగతి. గ్రీకు కుమ్మరులు, చిత్రకారులు కొందరు తమ కుండల మీద పేర్లు రాసుకున్నారు. ఎక్సేకియాస్ అయితే చేసిందీ గీసిందీ తానేనని రాశాడు. యూథిమిడీస్ అనేవాడు తాగి తూలుతున్న ముగ్గురిని గీసి, పక్కనే సాటి చిత్రకారుడు యూఫ్రోనియోస్ ఎన్నడూ ఇలా చేసి ఎరుగడని అర్థం వచ్చేలా రాశాడు. ఆ కుండ ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. ఇద్దరూ ఏథెన్సువారే, ఒకే కాలంవారే. ఆ ఒక్క వాక్యంలో కుమ్మరి వాడల పోటీ అంతా వినిపిస్తుంది.

కూలి గురించి తెలియాలంటే జాతీయ మ్యూజియం భవనంలోనే ఉన్న శాసనాల మ్యూజియంలోకి వెళ్ళు. జనం తక్కువగా ఉండే చోటు. అక్రోపోలిస్ మీదే ఉన్న ఎరెక్థియోన్ ఆలయం పూర్తి చేయడానికి క్రీ.పూ. 409 తరువాత పెట్టిన ఖర్చు లెక్కలు రాతి మీద చెక్కించారు. పౌరులు, బయటినుంచి వచ్చి స్థిరపడినవారు, బానిసలు పక్కపక్కన పనిచేశారు, రోజు కూలి ఒక డ్రాక్మా, అంటే నాటి వెండి నాణెం. ఆలయ నిర్మాణం చూసే స్థపతికి కూడా రోజుకు అంతే. చిత్రపట్టిక మీద బొమ్మ చెక్కినవారికి బొమ్మకు 60 డ్రాక్మాలు చొప్పున, ఎవరు ఏ బొమ్మ చెక్కారో పేరుతో సహా రాశారు. బానిస పేర వచ్చిన కూలి అతని చేతిలో నిలిచేదో, యజమాని చేతికి పోయేదో నీవే ఆలోచించుకో. ఇంత లెక్క రాసిన సమాజమే చేతిపనిని తక్కువగా చూసింది కూడా. ఒలింపియాలోని జ్యూస్ దేవుడి విగ్రహాన్ని చూసి ఆనందించిన ఏ మంచి ఇంటి కుర్రవాడూ తాను దాన్ని చేసిన ఫిడియాస్ కావాలని కోరుకోడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఒలింపియాలో మీరు చూడబోయేది సరిగ్గా ఆ ఫిడియాస్ పనిశాలే. విగ్రహం పోయింది, వస్త్రపు మడతల కోసం వాడిన మట్టి అచ్చులు మిగిలాయి. వాటిని చూస్తున్నప్పుడు ప్లూటార్క్‌తో నాకు బదులుగా కొంచెం పోట్లాడు.

అక్రోపోలిస్ మీద నీవు గమనించవలసినది మరొకటి ఉంది. ప్రాచీనులు రాళ్ళను ఇనుప బందులతో బిగించి, తుప్పు పట్టకుండా వాటి చుట్టూ సీసం పోశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మరమ్మత్తు చేసినవారు సీసం లేని ఇనుము వాడారు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పాలరాయిని చీల్చింది. 1975లో మొదలైన కొత్త మరమ్మత్తులో ఆ ఇనుమును తీసి టైటానియం పెడుతున్నారు, పోయిన చోట పెంటెలికాన్ కొండ ప్రాంతపు కొత్త రాయి చెక్కి అతుకుతున్నారు. కొత్త రాయి తెల్లగా తెలిసిపోతుంది, కొందరికి అది నచ్చదు. నాకు మాత్రం దాచిపెట్టని అతుకే నిజాయితీగా అనిపిస్తుంది.

ఎరెక్థియోన్‌ను మోస్తున్నట్లు నిలబడిన ఆరుగురు స్త్రీమూర్తుల్లో ఐదుగురిని, గాలిలోని ఆమ్లం తినేస్తుందని 1979లో లోపలికి చేర్చారు. వారు ఇప్పుడు అక్రోపోలిస్ మ్యూజియంలో ఉన్నారు, ఆరో ఆమె లండన్‌లో. ఆ ఖాళీ దగ్గర నిలబడినప్పుడు గుంటూరు జిల్లా పిల్లగా నీకు తోచవలసినది నీకు తోస్తుందనుకుంటాను. అమరావతి స్తూపాన్ని 1845లో వాల్టర్ ఎలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించాడు, ఆ రాళ్ళు మద్రాసు చేరాయి, 1859లో వాటిలో చాలా భాగం లండన్ వెళ్ళింది, 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పార్థినాన్ శిల్పాలున్న కట్టడంలోనే మన పలకలు కూడా ఉన్నాయి. గ్రీకులు తమవి తిరిగి ఇమ్మని పట్టుబడుతున్నారు, వాటి కోసం అక్రోపోలిస్ మ్యూజియంలో చోటు కట్టి ఉంచారు. మీ తరగతిలో ఈ చర్చ వస్తే అమరావతి పేరు ఎత్తు, అక్కడ చాలామందికి తెలిసి ఉండదు. ఒక తేడా కూడా చెప్పు. మన స్తూపం రాళ్ళ మీద ఎక్కువగా కనబడేవి దానమిచ్చినవారి పేర్లు. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడని ఒక శాసనం ఉంది. ఆ పూర్ణఘటాన్ని చెక్కినవాడి పేరు మాత్రం లేదు.

కంచు విగ్రహాల గురించి ఎక్కువ రాయను. చాలావాటిని తరువాతివాళ్ళు లోహం కోసం కరిగించేశారు. మిగిలినవాటిలో మంచివి ఓడలతో పాటు మునిగి సముద్రం దాచినవి. ఆర్టెమిసియోన్ దగ్గర 1926లోనూ, 1928లోనూ పైకి తీసిన దేవుడు జ్యూసో పొసైడనో చేతిలోని ఆయుధం పోయినందువల్ల తేలలేదు. నీవు ఆదిలాబాదులో లోహం పోతపోసే ఓజాల దగ్గర మైనపు తీగ చుట్టడం నేర్చుకున్నావు కదా, మైనం కరిగి పోయిన చోట లోహం చేరే సూత్రం ఇక్కడా అదే. అయితే రెండు మీటర్లు దాటిన ఈ మూర్తిని ఒక్క పోతగా పోయలేదు, ముక్కలుగా పోసి కలిపారు. అతుకులు దొరుకుతాయేమో వెతుకు.

క్రీటులో క్నోసోస్ రాజభవనపు కొట్లలో వరుసగా నిలిపిన పిథోస్ బానలు చూశాక, అదే రోజు వీలైతే థ్రాప్సానో ఊరికి వెళ్ళండి. మీ పత్రంలో ఆ ఊరు లేదు, అధ్యాపకులను అడిగి చూడు. ఆ ఊరి కుమ్మరులు వేసవిలో జట్లు కట్టి ద్వీపమంతా తిరుగుతూ, మట్టి, కట్టె దొరికిన చోట మకాం వేసి నూనె బానలు చేసేవారు. జట్టులో పెద్ద మేస్త్రీ, అతని కింద చిన్న మేస్త్రీ, సారె తిప్పేవాడు, మట్టివాడు, కట్టెలవాడు, మోసేవాడు. వరుసగా పాతిన సారెల మీద బానలన్నిటికీ ఒక్కొక్క వరుస చొప్పున మట్టి పెంచుకుంటూ వెళ్ళేవారు, చివరి బాన దగ్గరికి వచ్చేసరికి మొదటిది తరువాతి వరుస మోయగలిగేంత ఆరి ఉండేది. డిపిలాన్ కుండ ఎలా లేచిందో నీకు ఊహకు అందకపోతే ఇక్కడ అందుతుంది.

టీనోస్ గురించి రాయాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, దానికి వచ్చేసరికి ఇంత పొడుగైంది. అక్కడి పాలరాతి పనిని యునెస్కో 2015లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. పిర్గోస్ ఊళ్ళో 1955 నుంచి శిల్పం నేర్పే బడి ఉంది, పాలరాతి పనిముట్ల మ్యూజియం ఉంది, యానులిస్ హలెపాస్ పుట్టిన ఇల్లు ఉంది. హలెపాస్ 1851లో రాతిపనివారి ఇంట పుట్టాడు. ఏథెన్సులోనూ మ్యూనిక్‌లోనూ చదివి, చిన్న వయసులోనే ఏథెన్సు మొదటి శ్మశానవాటికలో నిద్రిస్తున్న అమ్మాయి విగ్రహం చెక్కి, 1878 ప్రాంతంలో మతి చెదిరి తన పనులనే పగలగొట్టుకున్నాడు. 1888 నుంచి 1902 వరకు కోర్ఫూ మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. ఇంటికి వచ్చాక తల్లి అతన్ని శిల్పం ముట్టనివ్వలేదు. కొడుకు జబ్బుకు శిల్పమే కారణమని నమ్మి, అతను మట్టితో ఏది చేస్తే అది నాశనం చేసింది. 1916లో ఆమె పోయాక, అరవై అయిదేళ్ళ వయసులో, గొర్రెలు కాసుకుంటున్న ఆ మనిషి మళ్ళీ పని మొదలుపెట్టి 1938లో చనిపోయేదాకా చేశాడు.

ఆ తల్లిని రాక్షసిగా చూపడం తేలిక. జబ్బుపడిన బిడ్డ ఎదురుగా ఉన్నప్పుడు, వైద్యం చేతులెత్తేసినప్పుడు, కారణం ఏదో ఒకటి దొరికితే దాన్ని పట్టుకోని తల్లి ఉంటుందా? అయినా ఆమె పగలగొట్టిన మట్టిబొమ్మల గురించి తలచుకుంటే నాకు కడుపులో మెలిపెట్టినట్లుంటుంది. నీవు ఈ చదువులో చేరినప్పుడు మన బంధువులు కొందరు బొమ్మల చదువు అన్నారు కదా. ఏథెన్సులో ఆ నిద్రిస్తున్న అమ్మాయిని, పిర్గోస్‌లో అతని చివరి రోజుల పనులను చూసి, రెంటికీ మధ్య అతని చెయ్యి ఎంత మారిందో నాకు రాయి. మొదటిది నునుపుగా, బడి నేర్పినట్లుగా ఉంటుంది. చివరివి గరుకుగా, ఎవరి మెప్పూ అక్కరలేనట్లుగా ఉంటాయి. నాకు చివరివే ఇష్టం. నీ అభిప్రాయం వేరైతే కారణాలతో సహా రాయి.

పనిశాలలో ఉలి పట్టనిస్తే కళ్ళద్దాలు పెట్టుకో, ముక్కుకు మాస్కు కట్టుకో, రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే మంచిది కాదు. తవ్వకాల చోట్ల చిన్న పెంకు ముక్క కూడా సంచిలో వేసుకోకు, అక్కడ అది నేరం. ఆగస్టు 15న టీనోస్‌లో మరియమాత పండుగకు యాత్రికులు పోటెత్తుతారు, రేవు నుంచి గుడి దాకా మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళేవారూ ఉంటారు. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, ముందే చూసుకోండి. వేసవి చివర్లో ఉత్తరపు గాలి బలంగా వీస్తే ఓడలు ఆపేస్తారు కనుక, ఏథెన్సు నుంచి నీ విమానం ఉన్న రోజుకు కనీసం రెండు రోజుల ముందే ద్వీపం నుంచి బయలుదేరు.

ఆశీస్సులతో,
అమ్మ