రొమ్ము క్యాన్సర్ రోగుల లెక్క చివరిదాకా రాయించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేను అనంతపురంలో ఒక పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రొమ్ములో గడ్డ తీశాక ఆ ముక్క మా దగ్గరికొస్తుంది. దాన్ని మైనంలో పెట్టి బ్లాకు చేసి, పొరలుగా కోసి స్లైడు మీదికెక్కించడం నా పని. రిపోర్టు రాసేది మా పాథాలజిస్టు మేడం. క్యాన్సర్ అని తేలితే ఇంటివాళ్లు ఆ బ్లాకులు, స్లైడ్లు కవర్లో పెట్టుకుని కర్నూలుకో, బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రికో బయలుదేరతారు. పోయేముందు రోగికి వినపడకుండా మెల్లగా అడుగుతారు: "సార్, ఎన్నేండ్లు బతుకుతాదంటారు?"

మామూలు రకమైతే డాక్టర్లు ఎంతో కొంత చెప్పగలరు. రిపోర్టులో మెటాప్లాస్టిక్ కార్సినోమా అని వస్తేనే చిక్కు. రొమ్ము క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు. గడ్డ తొందరగా పెరుగుతుంది. చంకలోకి పాకకుండానే రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరొచ్చు. ఏ మందు పనికొస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్ (హార్మోన్ పరీక్షలు), హెర్2 (ఒక ప్రొటీన్ పరీక్ష) మూడూ చాలామందిలో నెగెటివే కాబట్టి హార్మోన్ మాత్రలు, హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు పనికిరావు. కీమోకూ అంత తేలిగ్గా లొంగదు.

ఇలాంటివాటికి ఆయుష్షు అంచనా కట్టడానికి నోమోగ్రామ్‌లు అనే పాయింట్ల పటాలు ఉన్నాయి. వయసు, గడ్డ సైజు, ఎక్కడిదాకా పాకింది, ఆపరేషన్ అయిందా, రేడియేషన్ అయిందా అని ఒక్కోదానికి కొన్ని పాయింట్లు వేస్తారు. అన్నీ కూడితే మూడేళ్లు, అయిదేళ్లు బతికే అవకాశం నూటికి ఎంతో వస్తుంది. అది అలాంటి వందమంది సంగతి, ఎదురుగా ఉన్న ఒక్క మనిషి జాతకం కాదు. అయినా ఆ మాత్రం తెలిస్తే వైద్యం ఎంత గట్టిగా చేయాలో డాక్టరు ఆలోచిస్తారు, పొలం అమ్మాలా వద్దా అని ఇంటివాళ్లు ఆలోచిస్తారు.

ఈ నోమోగ్రామ్‌లలో చాలావరకు అమెరికావాళ్లు క్యాన్సర్ రోగుల వివరాలు రాసిపెట్టే సీర్ రిజిస్ట్రీ లెక్కల మీద కట్టినవి. 1973 నుంచి వాళ్లు రోగి పేరు ఎక్కించుకుని వదిలేయకుండా, బతికుందా లేదా అని కనుక్కుంటూనే ఉన్నారు. ఒక్కో ఆస్పత్రికి కొద్ది కేసులే వచ్చే జబ్బు గురించి ఏదైనా చెప్పగలుగుతున్నారంటే అందుకే. మరి ఆ అంచనా మా ఆత్మకూరు నుంచి వచ్చే రోగికి సరిపోతుందా? మా దగ్గర గడ్డ పుండై చీము కారేదాకా ఇంట్లో చెప్పనివాళ్లున్నారు. రెండు కీమోలయ్యాక శనక్కాయలు పీకే రోజులొచ్చాయని మానేసేవాళ్లున్నారు. సరిపోతుందో లేదో తేల్చాలన్నా ముందు మన లెక్కలు మనకుండాలి.

ఇక్కడ ఒక మాట. కొన్ని నర్సింగ్ హోముల నుంచి ముక్క ఇప్పటికీ సెలైన్‌లో వస్తుంది. తీసిన గంటలోపే, ముక్క పాడవకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్‌లో వేసి, 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచితేనే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలను నమ్మగలం. సెలైన్‌లో పాడైన ముక్క మీద ఏ నోమోగ్రామూ పని చేయదు. మంత్రిగారికి రాసే విషయమా ఇది అంటారేమో, ఒక సర్క్యులర్‌తో పోయేదే కదా!

మా జిల్లా ఆమె బెంగళూరులో వైద్యం చేయించుకుంటే అక్కడి జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీలోకి రాదు, అది 1982 నుంచి ఆ ఊళ్లో కాపురం ఉండేవాళ్లనే లెక్కిస్తోంది. మనం రాసుకోకపోతే ఆమె ఏ జనాభా లెక్కలోనూ లేనట్టే. ఇటు ఎన్టీఆర్ వైద్య సేవ బిల్లుల్లో ఆపరేషన్, కీమో వివరాలుంటాయి, బిల్లు పాసయ్యాక ఆమె ఏమైందో ఉండదు. చనిపోతే పంచాయతీ రిజిస్టర్లో ఎక్కుతుంది. ఈ రెంటినీ కలిపి చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రాయలసీమ లెక్క అక్కడే పెట్టించండి. క్యాన్సర్ రకం, గ్రేడు, స్టేజీ, ఆ మూడు పరీక్షల ఫలితం లేని రిపోర్టు తీసుకోవద్దనండి. ఆరు నెలలకోసారి ఏఎన్ఎం ఇంటికెళ్లి ఎలా ఉందో రాసుకుంటే చాలు. పేర్లు బయటికి రానక్కర్లేదు, నంబరుతోనే నడుస్తుంది. మేం కొత్త భవనం అడగడం లేదు. కర్ణాటక, తెలంగాణ, తమిళనాడు ఆస్పత్రుల నుంచి మన రోగుల వివరాలు తెప్పించుకునే ఒప్పందం మాత్రం మీ శాఖే రాసుకోవాలి. మాలాంటి ల్యాబ్‌లు అడిగితే వాళ్లు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
అనంతపురం