గుహలో దొరికిన నేను

తిరువణ్ణామలై బస్టాండు, మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి నాలుగు నెలలుగా జవాబు రాయలేదు. తిట్టుకో, కానీ కొబ్బరిచిప్ప సంగతి మాత్రం మళ్లీ ఎత్తకు. ఇంట్లో అందరూ బాగున్నారు. బుజ్జిదానికి పళ్లు ఊడుతున్నాయి. నా షుగరు అలాగే ఉంది. అసలు సంగతికి వస్తాను, తిరుపతి బస్సు ఎప్పుడొస్తుందో తెలీదు.

నిన్న అరుణాచలం కొండకి గిరి ప్రదక్షిణ చేశాను. పద్నాలుగు కిలోమీటర్లూ చెప్పుల్లేకుండానే. కాళ్ల గురించి అడక్కు. పొద్దున్న రమణాశ్రమం వెనక మెట్లదారిన స్కందాశ్రమం ఎక్కి, అక్కణ్నుంచి విరూపాక్ష గుహకి దిగాను. రమణ మహర్షి 1899 నుంచి 1916 దాకా ఉన్న చోటు. లోపల చీకటి, ఉక్క, విరూపాక్షదేవులనే పాతకాలపు యోగి సమాధి దగ్గర చిన్న దీపం. మన విజయనగరం వైపు కావ్యకంఠ గణపతి ముని 1907లో ఈయన్ని వెతుక్కుంటూ వచ్చింది ఇక్కడికే. అన్ని మంత్రాలు జపించిన పండితుడు, తపస్సంటే ఏమిటో తెలియలేదని కాళ్లు పట్టుకున్నాడట! ‘నేను’ అనే తలపు ఎక్కణ్నుంచి పుడుతోందో చూడమన్నారట రమణులు.

సరే, నేనూ చూద్దామని కూర్చున్నాను. నవ్వకు. కళ్లు మూయగానే ఏమొచ్చింది? అన్నయ్య! రెండేళ్లనాడు జరిపిన ఆ పొలం గట్టు. మూడడుగులు రా, మూడడుగులు! గుహలో కూర్చుని పళ్లు నూరుతున్నాను. అప్పుడు గుర్తొచ్చి, ‘ఈ కోపం ఎవరికి?’ అని అడిగాను. నాకు. ‘ఆ నేను ఎవరు?’ నాన్న చిన్నకొడుకు. బ్యాంకులో గుమాస్తా. గట్టు పోగొట్టుకున్నవాడు. ఒక్కొక్కటీ వస్తోంది, ఇది నేను కాదు, ఇదీ కాదు అనుకుంటే జారిపోతోంది. తర్వాత... ఎలా చెప్పను, అడిగేవాడూ లేడు. దీపం చిటపటమంటోంది, అంతే. రెండు క్షణాలేనేమో.

వెంటనే లోపలినుంచి కేక: ‘ఆహా, నాకు వచ్చేసింది!’ చచ్చాన్రా! సున్నా మాస్టారు మార్కులు చదువుతుంటే ముందే చెయ్యెత్తేవాణ్ని చూడు, అలా. పైకే నవ్వేశాను. పక్కనున్న ముసలావిడ కళ్లు తెరిచి చూసింది.

దిగుతుంటే ఇంకోటి జరిగింది. ‘అన్నయ్యకి ఫోన్ చెయ్యి’ అని ఒక్క మాట తట్టింది. ఎందుకో, ఏమిటో లేదు, గట్టిగానూ లేదు. ఆ వెనకే మనసు ప్లీడరులా లేచింది: ముందు వాడు చెయ్యాలిగా, లోకువైపోవూ... అప్పుడు తట్టింది, ఈ రెండు గొంతులకీ తేడా ఉంది. మొదటిది వాదించదు. కానీ మన కోరికే ఆ గొంతుతో మాట్లాడితే? ఎలా పట్టుకోవాలో నాకింకా... సరే, అది తర్వాత.

చేశాను. వదిన ఎత్తింది. గొంతు గుర్తుపట్టి కాసేపు ఏమీ అనలేదు. ‘అన్నయ్య ఏడీ?’ అన్నాను. ‘పొద్దున్నే పార పట్టుకుని గట్టు దగ్గరికెళ్లారు మరిదీ’ అంది.

పార ఎందుకురా? వెనక్కి జరపడానికా, ఇంకో అడుగు ముందుకా? అంతే, నా గుహ, నా దీపం, అన్నీ గాలికి! బుర్రంతా గట్టే. ఎవరికి, ఎవరికి అని అడుగుతున్నాను గానీ ఒక్క

బస్సొచ్చింది. చిల్లర వెతుక్కోవాలి. మిగతాది