క్వోకాతో ఫొటో సరే, చేతిలో చిప్స్ ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే తెలుగు అమ్మానాన్నలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఒక రోజు ఖాళీ దొరికితే ముందు గుర్తొచ్చేది రాట్‌నెస్ట్ దీవి. పెర్త్ పక్కనే ఉన్న ఫ్రీమాంటిల్ రేవు నుంచి ఫెర్రీలో అరగంట, పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేయొచ్చు, టూరిస్టుల కార్లను దీవిలోకి రానివ్వరు కాబట్టి సైకిలో, బస్సో, నడకో.

కానీ అక్కడ మనవాళ్లదే ఒక కుటుంబం, నీడలో ముడుచుకుని పడుకున్న క్వోకా అనే చిన్న జంతువును లేపడానికి చిప్స్ విసరడం చూశాను. అది లేచి వచ్చింది, ఫొటోలు దిగారు, అది చూసి ఇంకొందరు బిస్కెట్లు తీశారు. నిజంగా బాధేసింది. క్వోకాలకు తిండి పెట్టడం, వాటిని ముట్టుకోవడం అక్కడ నేరం, జరిమానా కట్టాలి. జరిమానా సంగతి పక్కన పెట్టినా, ఆకులూ గడ్డీ తిని బతికే జంతువుకు మన ఉప్పూ నూనే పడవు, జబ్బు చేస్తుంది. పైగా అవి ఎక్కువగా మేసేది రాత్రిపూట, పగలు వాటికి నిద్ర.

పిల్లి అంత ఉండే ఈ జంతువు, కంగారూలా పిల్లను పొట్ట సంచిలో మోస్తుంది, ఒకప్పుడు ఆస్ట్రేలియా నైరుతి ప్రాంతమంతా ఉండేది. యూరప్ నుంచి తెచ్చిన నక్కలు, పిల్లులు, అడవుల నరికివేత కలిసి అక్కడ వాటిని దెబ్బతీశాయి. రాట్‌నెస్ట్‌లో నక్కలు లేవు. అందుకే ఇవాళ ప్రపంచంలో మిగిలిన క్వోకాల్లో ఎక్కువ భాగం ఈ చిన్న దీవిలోనే ఉన్నాయి, మనిషిని చూసి పారిపోకపోవడానికి కారణమూ అదే. కాస్త దూరంగా కింద కూర్చుని కదలకుండా ఉంటే చాలాసార్లు అదే దగ్గరికొచ్చి మూతి ముందుకు పెడుతుంది, ఏ చిప్సూ అక్కర్లేదు.

ఇంకోటి, క్వోకా ఫొటో అయిపోగానే చాలామంది తిరుగు ఫెర్రీ చూసుకుంటారు. దయచేసి పడమటి కొస దాకా వెళ్లండి, కెథీడ్రల్ రాక్స్ దగ్గర ఫర్ సీల్స్ అనే సముద్ర జంతువులు నీళ్లలో వెల్లకిలా పడుకుని తెడ్డుల్లాంటి కాళ్లు పైకెత్తి సేదతీరుతుంటాయి, అక్కడ గాలి మాత్రం మామూలుగా ఉండదు. వెళ్లేముందు దీవి చరిత్ర కూడా కొంచెం చదవండి. అక్కడి ఆదివాసులైన నూంగర్ ప్రజలు వాజెమప్ అని పిలుచుకునే ఈ దీవి 1838 నుంచి 1931 దాకా ఆదివాసులకు జైలు, వందల మంది అక్కడే చనిపోయారు, వాళ్ల సమాధుల చోటు మనం సైకిళ్లు తొక్కే దారికి దగ్గర్లోనే ఉంది.

ఇక భోజనం. అక్కడి రాక్ లాబ్‌స్టర్, అంటే గట్టి పెంకుండే పెద్ద రొయ్యలాంటిది, తినకుండా రావద్దు. కాస్త వెన్న, వెల్లుల్లి, నిమ్మరసం చాలు, మాంసం దానంతటదే తియ్యగా ఉంటుంది, మసాలా వేస్తే ఆ రుచి పోతుందని నా గట్టి అభిప్రాయం. ఆ రుచి ఇంకా దొరుకుతోందంటే దాని వెనక పెద్ద క్రమశిక్షణ ఉంది. తల వైపు పెంకు 76 మిల్లీమీటర్లకు తక్కువుంటే పట్టినవాళ్లు తిరిగి నీళ్లలో వదలాల్సిందే, గుడ్లతో ఉన్న ఆడదాన్నీ అంతే. చిన్నవి బయటపడేలా లాబ్‌స్టర్లను పట్టే బుట్టలకు సందులుంటాయి, సీల్స్ లాంటివే అయిన సీ లయన్లు తిరిగే కొన్నిచోట్ల వాటి పిల్లల తల ఇరుక్కోకుండా బుట్టలోపల కడ్డీ కూడా పెడతారు. సముద్రంలో జీవాలు తరిగిపోకుండా సాగే వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అనే సంస్థ ఇచ్చే ఎంఎస్‌సీ గుర్తింపు ప్రపంచంలో మొదట అందుకున్నది 2000లో ఈ లాబ్‌స్టర్ వేటే. 2008 ప్రాంతంలో తీరానికొచ్చే పిల్ల లాబ్‌స్టర్లు బాగా తగ్గితే, పెద్దవి కూడా తగ్గేదాకా ఆగకుండా వేటను బాగా తగ్గించేశారు, తర్వాత ఎంత పట్టొచ్చో కోటా పెట్టారు. ఆ జాలర్లు ఆదాయం వదులుకుని మరీ ఆగారు, మనం ఒక్క ఫొటో కోసం ఆగలేమా?

మీరు ఈసారి రాట్‌నెస్ట్ మీద వ్యాసం వేస్తే క్వోకా ఫొటో కిందే "తిండి పెట్టొద్దు, ముట్టుకోవద్దు" అని పెద్ద అక్షరాల్లో వేయండి. మన పెద్దవాళ్లలో చాలామంది అక్కడి ఇంగ్లిష్ బోర్డులు చదవరు, మీ పేజీ మాత్రం చదివే వెళ్తారు.

– ఒక పాఠకురాలు