కింది పోర్షన్‌లో నలుగురు, ఓట్లు సున్నా

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ 2023 మే 4న ఇంగ్లాండులో లెస్టర్ నగర కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి. రెండు రోజులకే ఛార్లెస్ పట్టాభిషేకం వచ్చింది కాబట్టి మీరు దానికి పేజీ నిండా ఫొటోలు వేశారు. బాగున్నాయి, మా ఆవిడ కిరీటాన్ని రెండుసార్లు చూసింది. లెస్టర్ ఎన్నికకు మాత్రం మూలకు నాలుగు లైన్లు, అదీ భారత సంతతి వాళ్ళు గెలిచారోచ్ అన్నట్టుగా. గెలిచిన మాట నిజమే, కానీ అందులో మన వరంగల్ వాళ్ళకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. నాకు అది మీ పేపర్లో దొరకలేదు, మా మేనల్లుడి ఫోన్‌లో దొరికింది.

మా చెల్లె కొడుకు పోయిన సెప్టెంబరులో ఎమ్మెస్సీకని లెస్టర్ పోయాడు. అయిదుగురు తెలుగు పిల్లలు కలిసి ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నారు, గోడకు చెమ్మ పట్టి నల్లగా బూజు వస్తున్నదని, ఓనర్‌కు ఎన్నిసార్లు మెసేజ్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదని ఎప్పుడు ఫోన్ చేసినా అదే చెప్తాడు. వీసా స్టూడెంట్ వీసా, పాస్‌పోర్టు ఇండియాది. అటువంటి పిల్లగాడు గురువారం రాత్రి ఫోన్ చేసి "మామా, ఓటేసొచ్చిన" అన్నాడు. నేను తెలుగు సంఘం ఎన్నికలేమో అనుకున్నా. కాదు, కౌన్సిల్‌కే, దానితోపాటు మేయర్‌కు కూడా.

నమ్మలేక అడిగి అడిగి తెలుసుకున్నా. కామన్వెల్త్ దేశాల (ఎక్కువగా ఒకప్పుడు బ్రిటన్ ఏలిన దేశాల కూటమి) పౌరులు, అంటే మనం కూడా, వీసా ప్రకారం సక్రమంగా అక్కడ నివాసం ఉంటే చాలు, ఓటరుగా పేరు రాయించుకోవచ్చు, కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకు కూడా వేయొచ్చు. రెండొందల ఏళ్ళు ఏలిన బాకీలో ఇదొక కిస్తీ మామా అని వాడి జోకు. మనది నిజాం ఇలాకారా, మనకు ఆ బాకీ కూడా సరిగ్గా వర్తించదు అన్నాను.

పేరు ఎందుకు రాయించుకున్నావురా అంటే ప్రజాస్వామ్యం మీద ప్రేమతో ఏం కాదు, ఓటరు లిస్టులో పేరుంటే క్రెడిట్ స్కోరుకు మంచిదట, ఫోన్ కనెక్షన్ తొందరగా వస్తుందని సీనియర్లు చెప్పారట. ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాల పని. పోలింగ్ రోజు సెలవు లేదు, పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా ఉంటుంది కాబట్టి క్లాసు అయిపోయాక చర్చి హాల్‌కు నడిచి పోయాడు. అక్కడి స్థానిక ఎన్నికల్లో ఫొటో గుర్తింపు చూపించడం ఈసారే మొదలైంది, వీడు మన నాలుగు సింహాల పాస్‌పోర్టే చూపించాడు, వాళ్ళు చూసి కాగితం ఇచ్చారు. ఈవీఎం లేదు, వేలికి సిరా లేదు, దారం కట్టిన పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి డబ్బాలో వేయడమే. కొన్ని ఊళ్ళలో పబ్బులోనే పోలింగ్ బూత్ పెడతారట, మన దగ్గర వైన్స్ షాపులు బంద్ పెట్టి ఓట్లేయించేవాళ్ళు ఇది వింటే ఏమనుకుంటారో.

నన్ను ఆపేసిన మాట ఇంకోటి ఉంది. అక్కడ ఇంటి పన్నులాంటిది కౌన్సిల్ ట్యాక్స్. ఫుల్‌టైమ్ స్టూడెంట్లకు అది మాఫీ. అంటే వీడు ఆ ఊరికి పన్ను కట్టడు, ఆ దేశం వాడు కాడు, వచ్చి ఎనిమిది నెలలు. అయినా ఆ వీధిలో ఉంటున్నాడు, ఆ చెత్త డబ్బా వాడే బయట పెడుతున్నాడు కాబట్టి ఆ వీధి కౌన్సిలర్ ఎవరో చెప్పే హక్కు వాడికి ఉంది. అభ్యర్థులు ఇంటికొచ్చి ఆ చెమ్మ గోడ గురించి మాట్లాడి పోయారట! పార్టీలకు తెలుసు, ఆ వీధి నిండా కిరాయి పిల్లలే, ఓట్లు వాళ్ళవే. ఆ నగరంలో కొన్ని ప్రాంతాల్లో 2022 అక్టోబరు నుంచి ఇల్లు కిరాయికి ఇవ్వాలంటే ఓనర్ కౌన్సిల్ దగ్గర లైసెన్స్ తీసుకోవాల్సిందే. కిరాయివాళ్ళకు ఓటుంటే ఓనర్ల మెడకు గంట పడుతుందన్నమాట. నేను ఓనర్నే, అందుకే ఈ మాట నాకు ముందు అంత రుచించలేదు.

ఫలితాల గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మీ నాలుగు లైన్లలో కారణం రాలేదు. మొత్తం 54 సీట్లు. 2019లో లేబర్ పార్టీకి 53, మిగిలిన ఒక్కటి లిబరల్ డెమోక్రాట్లది. ఈసారి లేబర్‌కు 31, కన్జర్వేటివ్‌లకు సున్నా నుంచి 17, లిబరల్ డెమోక్రాట్లకు 3, గ్రీన్ పార్టీకి 3. అదే రోజు దేశమంతా కన్జర్వేటివ్‌లు వెయ్యికి పైగా సీట్లు పోగొట్టుకుంటే ఇక్కడ ఎదురు గాలి. ఎందుకయ్యా అంటే, మనకు బాగా తెలిసిన కథే. లేబర్ పార్టీ పైవాళ్ళు పట్టుబట్టి 19 మంది సిట్టింగులకు బీ-ఫారం ఇవ్వలేదు. వాళ్ళలో కొందరు అవతలి పార్టీలోకి దూకారు, కొందరు ఇండిపెండెంట్లుగా నిలబడ్డారు. 2011 నుంచి మేయర్‌గా ఉన్న పీటర్ సోల్స్‌బీ గారు గెలిచారు కానీ మెజారిటీ బాగా తగ్గింది. పోయిన ఏడాది హిందూ ముస్లిం కుర్రాళ్ళ మధ్య జరిగిన గొడవల వేడి కూడా ఉంది, లేదని నేను అనను. అయినా "మనవాళ్ళు గెలిచారు" అని ఒక్క గీత గీసి వదిలేస్తే టికెట్ల గోల అంతా దాని కింద పడిపోతుంది. ఓడిన వాళ్ళలోనూ మనవాళ్ళే ఉన్నారు కదా, ఆ ఊర్లో ముగ్గురిలో ఒకరు భారత సంతతే.

ఆ ముగ్గురిలో ఒకరు ఎట్లా అయ్యారో కూడా చెప్పుకోవాలి. 1972లో ఉగాండా నియంత ఇడీ అమీన్ అక్కడి మనవాళ్ళను తరిమేసినప్పుడు ఇదే లెస్టర్ కౌన్సిల్ ఉగాండా పేపర్లో డబ్బులు కట్టి మరీ ప్రకటన వేయించింది, మా ఊర్లో ఇళ్ళు లేవు, బళ్ళు నిండిపోయాయి, మీ మేలు కోరి చెప్తున్నాం రావద్దు అని. వాళ్ళు వచ్చారు. కిరాయి ఇళ్ళలో దిగారు, ఓటు రాయించుకున్నారు. ఇవాళ ఆ కౌన్సిల్ సీట్లలో అటువంటి ఇళ్ళ పిల్లలూ కూర్చున్నారు.

ఇక మా ఇంటి సంగతి.

మాది హనుమకొండ, గోపాల్‌పూర్ వైపు. మేము పైన ఉంటాం, కింది పోర్షన్ కిరాయికిచ్చాం. ఏటూరునాగారం దగ్గరి వాళ్ళు, 2018 నుంచి ఉంటున్నారు. ఆయన మందుల షాపులో పని, ఆమె ఇంట్లో మిషన్ కుడుతుంది, ఆయన తల్లి, తమ్ముడు. మొత్తం నలుగురు, అందరూ పద్దెనిమిది దాటినవాళ్ళే. 2020 ఆగస్టులో వానలకు నాలా పొంగి నీళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు తడిసింది వాళ్ళ బియ్యం బస్తా, ఆమె కుట్టు మిషన్, ఫాల్ వేయడానికి తెచ్చి పెట్టుకున్న పక్కింటోళ్ళ చీరలు. మా పైపోర్షన్‌లోకి నీళ్ళేం రాలేదు, కరెంటు మాత్రం పోయింది. నీళ్ళు తీశాక లీడర్లు వచ్చారు, వాకిట్లో బురదలో నిలబడి తల పైకెత్తి బాల్కనీలో ఉన్న నాతో మాట్లాడారు. "సార్, మోరీ వెడల్పు చేయిస్తాం" అని. పక్కనే ఆమె చీపురు పట్టుకుని నీళ్ళు ఊడుస్తున్నది, ఆమెను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

తర్వాత 2021 ఏప్రిల్ 30న గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఎన్నికలు. 66 డివిజన్లలో అప్పటి టీఆర్‌ఎస్ 48, బీజేపీ 10, కాంగ్రెస్ 4, ఇతరులు 4, ఇవన్నీ మీ పేపర్లోనే చదివాను. ఆ ముందు వారం స్లిప్పులు పట్టుకుని కుర్రాళ్ళు గేటు దగ్గరికొచ్చి లిస్టు చూసి "సార్, మీది నాలుగు ఓట్ల ఇల్లు" అన్నారు. ఆ నాలుగు ఎవరివంటే నాది, మా ఆవిడది, హైదరాబాదులో ఉండే మా అబ్బాయిది, కోడలిది. వాళ్ళిద్దరూ కూకట్‌పల్లిలో కాపురం పెట్టి ఆరేళ్ళు దాటింది, ఇక్కడి మోరీతో వాళ్ళకు పండుగకు పండుగకే పని. కింద కాపురం ఉన్న నలుగురికి ఓట్లు సున్నా. స్లిప్పుల కుర్రాళ్ళు కింది తలుపు కూడా తట్టకుండా మెట్లెక్కి వచ్చారు.

వాళ్ళకు ఓటెందుకు లేదో నాకు తెలుసు, అందులో నా చెయ్యి ఉంది. ఆ వానాకాలం అయ్యాక ఆయన మెట్ల దగ్గర నిలబడి "సార్, ఇక్కడికి ఓటు మార్చుకుంటాం, కరెంటు బిల్లు కాపీ ఒకటి ఇస్తారా" అని అడిగాడు. నేను చూద్దాంలే అన్నాను. చూద్దాం అంటే మన దగ్గర అర్థం మీకు తెలిసిందే. నా భయం ఏమిటంటే మా అడ్రసు మీద కార్డులు పుట్టాక రేపు ఇల్లు ఖాళీ చేయమంటే చేయరేమోనని, కాలనీ కమిటీలో ఒకాయన ఇట్లాంటివి నాలుగు కథలు చెప్పి ఉన్నాడు. (కమిటీ అంటే ఓనర్ల కమిటీ, కిరాయివాళ్ళను మీటింగుకు పిలవం, చందాకు పిలుస్తాం.) మేనల్లుడి ఫోన్ తర్వాత తెలిసిన వకీలును అడిగితే నవ్వాడు. ఓటరు కార్డుతో ఇంటి మీద హక్కు రాదు, ఆ మాటకొస్తే ఇల్లున్నంత మాత్రాన ఓటు హక్కూ రాదు, 1950 నాటి చట్టంలోనే ఉంది, మామూలుగా ఎక్కడ నివాసం ఉంటే అక్కడే ఓటు అన్నాడు. ఆ లెక్కన లిస్టులో ఉండకూడనిది మా అబ్బాయి పేరు, ఉండాల్సింది కిందామె పేరు. మున్సిపల్ లిస్టు తయారయ్యేది అసెంబ్లీ లిస్టు నుంచే కాబట్టి అక్కడ తప్పుంటే ఇక్కడా తప్పే.

మా ఒక్క ఇంటి కథే అయితే మీకు రాసేవాణ్ణి కాదు. నయీంనగర్, కిషన్‌పుర, హంటర్ రోడ్డు, కాజీపేట, ఏ వీధి చూసినా కింద కిరాయి, పైన ఓనర్, లేకపోతే రెండూ కిరాయే. ములుగు, నర్సంపేట, పరకాల, భూపాలపల్లి నుంచి పిల్లల చదువులకని, పనులకని వచ్చి పదేళ్ళుగా ఇక్కడే ఉన్నవాళ్ళు ఎంతమంది! ఓటు మాత్రం ఊర్లోనే, ఎన్నికలొస్తే బస్సెక్కి పోయి వేసి వస్తారు. ఊరి మీద మమకారం తప్పు కాదు, భూమి అక్కడ ఉంది, సర్పంచ్‌తో పని ఉంటుంది. కానీ ఇక్కడ మోరీ ఎవరికి చెప్పాలి? కార్పొరేటర్‌కు వీళ్ళు మనుషుల లెక్కలోకి వస్తారు, ఓట్ల లెక్కలోకి రారు. ఇంగ్లాండులో స్టూడెంట్లకు ఇంకో వెసులుబాటు ఉందట, సొంతూరు ఒక కౌన్సిల్, చదువుకునే ఊరు ఇంకో కౌన్సిల్ అయితే రెండు లిస్టుల్లోనూ పేరుంచుకుని రెండు కౌన్సిళ్ళకూ ఓటేయొచ్చు, పార్లమెంటుకు మాత్రం ఒక్కచోటే. మన చట్టంలో అది లేదు, ఒక్కచోటే ఉండాలి. అందుకే ఏదో ఒకటి తేల్చుకోమంటే జనం ఊరివైపే పోతారు, వాళ్ళను ఏమీ అనలేం.

మిమ్మల్ని అడిగేది ఒకటే. ఈ ఏడాది చివర అసెంబ్లీ ఎన్నికలు, లిస్టు సవరణ ఎట్లాగూ జరుగుతుంది, తర్వాత వచ్చే గ్రేటర్ ఎన్నికకు ఆధారమయ్యేదీ అసెంబ్లీ లిస్టే. కొత్త ఓటుకు ఫారం-6, అడ్రసు మార్పుకు ఫారం-8, ఏ కాగితం జతచేయాలి, ఓనర్ బిల్లు కాపీ ఇస్తే ఓనర్‌కు పోయేదేమీ లేదు, ఈ మాటలు వరంగల్ జిల్లా పేజీలో ఒక ఆదివారం పెద్దక్షరాలతో వేయండి. పట్టాభిషేకానికి ఇచ్చినంత జాగా అక్కర్లేదు, అందులో పావు చాలు.

నిన్న సాయంత్రం నేనే కిందికి దిగి కరెంటు బిల్లు కాపీ ఇచ్చాను. ఆయన తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "వచ్చే ఏడాది ఊర్ల సర్పంచ్ ఎలక్షన్లున్నయి సార్, మా బాబాయి నిలబడతా అంటున్నడు, అవి అయినంక చూద్దాం" అన్నాడు. చూద్దాం అనడం ఆయనకూ వచ్చు. ఆమె మాత్రం మిషన్ ఆపి లేచి వచ్చింది. ఆమె పేరు అత్తగారి ఊరి లిస్టులో ఉందట, తనది ఒక్కటి మార్చుకుంటానంది. ఫోన్‌లో ఫారం-8 తెరిచి ఇద్దరం కూర్చుని నింపుతుంటే మధ్యలో తలెత్తి, "ఇంతకీ మన కార్పొరేటర్ ఎవరు సార్, అయిదేండ్లాయె, నాకు ఎవరూ చెప్పలె" అని అడిగింది.

ఇట్లు
మీ పాత చందాదారుడు, గోపాల్‌పూర్, హనుమకొండ