ఘంటసాల అభిమానుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఒకే బల్ల దగ్గర జరిగింది. సభ్యుల అటకల మీంచి దిగిన 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత రికార్డులను కడగడం, సరైన వేగంతో తిప్పడం, కంప్యూటర్లోకి ఎక్కించడం. డిసెంబరు 4 జయంతి, ఫిబ్రవరి 11 వర్ధంతి సభల సంగతి చివర్లో ఉంది.

ముందుగా ఒక విన్నపం. దయచేసి రికార్డులను స్పిరిట్‌తో తుడిచి తేవద్దు. తర్వాత వచ్చిన ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) వినైల్ ప్లాస్టిక్ కాబట్టి ఓర్చుకుంటుంది. 78 రికార్డు లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసినది. స్పిరిట్ తగిలితే లక్క కరిగి, ముల్లు నడిచే సన్నటి గాడి గోడలు చెదురుతాయి, దానికిక మందు లేదు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు మూడు చుక్కలు చాలు. మెత్తటి బ్రష్‌ను గాడి వెంబడి గుండ్రంగానే నడపాలి, అడ్డంగా రుద్దకూడదు. లేబులు తడవకుండా దాని మీద ఏదైనా మూత నొక్కి పట్టుకోవాలి. లేబులు మీది నంబరు చెరిగిందంటే ఆ రికార్డుకు ఊరూ పేరూ లేనట్టే. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, వెంటనే నూలుబట్టతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. నానబెట్టడం, ఎండలో పెట్టడం రెండూ వద్దు. అట్టపెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చి తెచ్చినవాటిలో అడుగు రికార్డులకే బీటలు ఎక్కువ. పది అంగుళాల రికార్డు ఒక్కోటి 200 గ్రాములు దాటుతుంది. నూరు రికార్డులంటే పాతిక కిలోల బియ్యం మూటకు దగ్గర. అందుకే బీరువా అరకు మందమైన చెక్క, రికార్డులకు నిలువు వరస.

ఇక ముల్లు. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78కి కావలసింది 76 మైక్రాన్ల దాకా. ఎల్పీ ముల్లు పెడితే అది వెడల్పు గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. గోడల మీదున్న పాట కంటే అడుగునున్న గరగరే ఎక్కువ వినిపిస్తుంది. ‘రికార్డు అరిగిపోయింది’ అని పక్కన పెట్టినవి కొన్ని ముల్లు మార్చగానే పలికాయి. మోనో రికార్డే అయినా స్టీరియోలో, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా (ధ్వనిని కుదించకుండా దాచే ఫైలు) ఎక్కిస్తున్నాం. స్టీరియోలో గాడి రెండు గోడల ధ్వనీ విడివిడిగా దొరుకుతుంది. రెండు గోడల్లో ఒకటే అరిగి ఉంటే రెండోదాన్ని వాడుకోవచ్చు. రెండూ బాగుంటే కలిపేసరికి ముల్లు నిలువు కదలికల రొద చాలావరకు రద్దవుతుంది.

ఎక్కువ కాలం తిన్నది వేగం. లేబులు మీద 78 అని ఉన్నా రికార్డును తిప్పే మన టర్న్‌టేబుల్ అంతే తిరుగుతోందని నమ్మకం లేదు. నిమిషానికి నాలుగున్నర చుట్లు ఎక్కువైతే శ్రుతి దాదాపు అర స్వరం పైకి పోతుంది, ఘంటసాల మాస్టారి గొంతులోని గాంభీర్యం పల్చబడుతుంది. ఏళ్ళ తరబడి వింటున్నవారికి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది కానీ ఎక్కడో చెప్పలేరు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు 77 గీతల స్ట్రోబ్ చక్రం (వేగం సరిచూడటానికి టర్న్‌టేబుల్ మీద పెట్టే గీతల బిళ్ళ) వాడాలి. గీతలు నిలబడినట్టు కనిపిస్తే వేగం 77.92. దీన్ని పాత ఫిలమెంటు బల్బు కిందో నియాన్ దీపం కిందో చూడాలి. మంచి ఎల్ఈడీ దీపం మినుకుమినుకుమనదు, దాని కింద గీతలు ఎప్పటికీ నిలబడవు. వేగం సరిగ్గా ఉన్నా షడ్జమం హార్మోనియంలో రెండు మెట్ల మధ్య పడితే, ఆ సంగతి రిజిస్టరులో రాస్తున్నాం. అసలు ఫైలును మాత్రం ముట్టుకోవడం లేదు.

78 వేగం లేని యంత్రం ఉన్నవారు 45లో ఎక్కించి సాఫ్ట్‌వేర్‌లో 1.733 రెట్లు పెంచుకోవచ్చు. అయితే ఫోనో ప్రీయాంప్‌లో (ముల్లు నుంచి వచ్చే సన్నటి ధ్వనిని పెంచే పెట్టె) ఎల్పీల కోసం పెట్టిన ఆర్ఐఏఏ అనే హెచ్చుతగ్గు స్వరాల దిద్దుబాటు తప్పించాలి. లేకపోతే అది తప్పు చోట పనిచేసి, పాట దుప్పటి కప్పుకొని పాడినట్టు వస్తుంది.

గరగర తీసే సాఫ్ట్‌వేర్ మీద సంఘంలో వాదన ఇంకా తెగలేదు. నిర్వాహకుల అభిప్రాయం ఇది: యంత్రానికి వదిలేస్తే పద్యం పాడవుతుంది. టకారం, కకారం, తబలా మొదటి దెబ్బ అన్నీ దానికి రికార్డు మీద పడ్డ గీత చప్పుడులాగే కనిపిస్తాయి. ‘పుష్పవిలాపం’లో కవి కరుణశ్రీ పదాల ఒత్తు పోయాక మిగిలేది ఏముంది? రొదను మరీ అణిచేస్తే రాగం చివర సన్నగా సాగే గొంతు కూడా దాంతో పాటే పోతుంది. బీట ఉన్న రికార్డులో చుట్టుకొకటి, అంటే 0.77 సెకనుకు ఒకటి, చప్పుడు వస్తుంది. వాటిని చేత్తో ఒక్కొక్కటే తీస్తున్నాం, అందుకే పని నత్తనడక. సుమారు మూడు నిమిషాలే పట్టే రికార్డు పక్కలో ఇమిడించడానికి రెండు భాగాలు చేసిన పద్యాలను అతికించడం లేదు; ఏ పక్కకు ఆ పక్క వేరే ఫైలు.

‘ఇవన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేయవచ్చు కదా’ అని చాలామంది అడిగారు. సౌండ్ రికార్డింగు హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1964లో విడుదలైనవాటికి అది 2024 డిసెంబరు 31తో ముగిసింది. పాట హక్కు, బాణీ హక్కు వేరు: రాసినవారు, కట్టినవారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1951 నాటి ‘పాతాళభైరవి’ రికార్డుల హక్కు ఎప్పుడో తీరినా, పింగళి నాగేంద్రరావుగారి సాహిత్యానికి 2031 చివరి దాకా, ఘంటసాలగారి బాణీకి 2034 చివరి దాకా ఉంది. కనుక ప్రస్తుతానికి ఏదీ బయట పెట్టడం లేదు.

‘భగవద్గీత’ ఎల్పీలు, క్యాసెట్లు ఇక తీసుకోవడం లేదు, క్షమించాలి. ఆయన పోయాక విడుదలైన ఆ గీత లేని తెలుగు ఊరు లేదు. మైకులో వినిపిస్తే ఎవరు పోయారని అడిగే స్థితికి తెచ్చాం. బీరువాలో దానికి చోటు లేదు. ఇంట్లో ఉన్న క్యాసెట్ పెట్టేముందు టేపు వెనకున్న చిన్న ఫెల్టు దిండు ఊడిపోయిందేమో చూసుకోండి. ఊడితే టేపు ప్లేయర్ హెడ్‌కు ఆనుకోదు, ధ్వని మసకబారుతుంది. స్క్రూలతో విప్పగల మరో క్యాసెట్ డొప్పలోకి టేపు మార్చుకుంటే సరిపోతుంది.

సభల్లో ఈసారి పద్యాలకు కరోకే ట్రాకులు వద్దన్నాం, హార్మోనియం శ్రుతి ఒక్కటే. కొందరికి నచ్చలేదు. ట్రాకు ఉంటే గాయకుడు తాళం వెంట పరుగెత్తి సమాసం మధ్యలో ఊపిరి తీస్తాడు. మాస్టారు అర్థం తెగే చోటే ఆగేవారు. రికార్డు శ్రుతిలోనే పాడాలనే పంతం కూడా వదలాలి. తారస్థాయి అందక అరిచేకంటే ఒకటి రెండు మెట్లు దిగి పాడితే మాట నిలుస్తుంది. వచ్చే జయంతికి పాడదలచినవారు పద్యం పదచ్ఛేదంతో (పదాలు విడదీసి) రాసి, ఊపిరి తీసే చోట్ల గుర్తు పెట్టి తేవాలి.

జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో ఇస్తాం. అందులో 78 ముల్లు ఖర్చు చూసి ఉలిక్కిపడవద్దు, అది అరిగే వస్తువు. వర్షాకాలం రాకముందే బీరువాలోని తేమ పీల్చే సిలికా జెల్ సంచులను ఎండబెట్టే పనికి ఇద్దరు కావాలి.