గ్రాఫుల్లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు

సంపాదకుల వారికి,

వర్ణాంధత్వం గురించి పత్రికల్లో రాసినప్పుడల్లా 'వీరికి లోకమంతా నలుపు తెలుపుల్లోనే కనిపిస్తుంది' అన్న వాక్యం దొర్లుతూనే ఉంది. అలాంటి స్థితి ఉన్నమాట నిజమే గానీ, అది చాలా అరుదు. ఎక్కువ మందికి ఉండేది ఎరుపు, ఆకుపచ్చల మధ్య తికమక. నీలం, పసుపు వారికి చక్కగానే తెలుస్తాయి. ఈ తేడా తెలిస్తే పత్రికల్లో వేసే మ్యాపులు, గ్రాఫులు కూడా బాగుపడతాయని ఈ ఉత్తరం.

రంగులు పట్టేవి రెటీనాలోని (కంటి లోపలి వెనుక పొరలోని) శంకు కణాలు. మూడు రకాలు. కాంతి రంగును బట్టి దాని తరంగదైర్ఘ్యం, అంటే అల పొడవు, మారుతుంది. ఈ కణాల్లో ఒకటి 420 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఒకటి 530 దగ్గర, మరొకటి 560 దగ్గర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. ఈ మూడోదాన్ని ఎరుపు కణం అంటుంటారు, కానీ 560 అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ! అసలు ఏ ఒక్క కణానికీ రంగు తెలియదు. కాంతిని పీల్చుకున్నాక దాని తరంగదైర్ఘ్యం ఎంతో ఆనవాలు మిగలదు, ఎంత పట్టిందన్న లెక్క ఒక్కటే మిగులుతుంది. మసక పచ్చ వెలుగుకూ, బాగా ప్రకాశించే ఎర్ర వెలుగుకూ ఒకే కణం ఒకే జవాబు చెప్పవచ్చు. 530 కణం జవాబునూ, 560 కణం జవాబునూ పక్కన పెట్టి చూస్తేనే ఏది ఎరుపో, ఏది పచ్చో తేలుతుంది. రెండింటిలో ఒకటి లేకపోయినా, ఒకటి పట్టే తరంగదైర్ఘ్యం జరిగి రెండోదానికి మరీ దగ్గరైపోయినా పోల్చడానికి తేడా ఉండదు. వీటి జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవారికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే కాబట్టి ఈ లోపం వారిలోనే ఎక్కువ.

ఛార్జింగ్ పెట్టిన పరికరం మీద చిన్న దీపం ఎరుపు నుంచి పచ్చకు మారుతుంది. ఈ లోపం ఉన్నవారికి ఆ మార్పు తెలియకపోవచ్చు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర దీపం ఏ స్థానంలో వెలిగిందో చూసుకుంటారు. పైగా అక్కడి పచ్చలో కాస్త నీలం కలుపుతారు, అది మంచి ఆలోచన. 560 కణం లేనివారికి మాత్రం ఎరుపు బాగా నల్లబడిపోతుంది. నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలతో వేసిన శీర్షిక వారికి దాదాపు కనిపించదు.

వర్ణాంధత్వాన్ని పట్టే ఇషిహారా పరీక్ష గురించీ ఒక మాట. 1917లో వచ్చిన ఆ చుక్కల పలకలను పగటి వెలుతురులో, సుమారు 75 సెంటీమీటర్ల దూరం నుంచి చూపాలి. ఫోన్ తెరమీద రంగులు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటాయి గనుక అక్కడ చేసిన పరీక్షను నమ్మడానికి లేదు. రంగు అద్దాల కళ్లజోళ్లు కూడా కంటిలో లేని కణాన్ని తెచ్చిపెట్టవు. కొన్ని తరంగదైర్ఘ్యాలను కోసేసి కొన్ని రంగుల తేడాను పెంచుతాయి, మరికొన్నింటిని కలిపేస్తాయి.

మీ డిజైన్ విభాగానికి నా విన్నపం: ఎరుపు, ఆకుపచ్చల బదులు నీలం, నారింజ జంట వాడండి. ఒకటి ముదురుగా, ఒకటి లేతగా ఉంచండి. గీత పేరును మూలన రంగు డబ్బాలో కాకుండా ఆ గీత పక్కనే రాయండి. తెల్ల కాగితం మీద సన్నటి పసుపు అక్షరాలు ఎవరికీ ఆనవు, ఎందుకంటే అక్షరాల అంచులను కన్ను ముఖ్యంగా వెలుగు తేడాతోనే పట్టుకుంటుంది. అచ్చుకు పంపే ముందు బొమ్మను ఒకసారి నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. రెండు రంగులు ఒకే బూడిద రంగులోకి దిగితే వాటిలో ఒకదాన్ని మార్చాలి.

ఇట్లు,
ఒక నేత్రవైద్య అధ్యాపకుడు