అసహ్యం అనే మాట గురించి

చిన్న తల్లీ,

నీ రూమ్మేట్ గురించి రాసిందంతా చదివాను. ఆ అమ్మాయి సెంటు వాసన అసహ్యం, అర్ధరాత్రి దాకా ఫోన్‌లో మాట్లాడడం అసహ్యం, గది ఊడ్చే ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టడమూ అసహ్యమే. అన్నిటికీ ఒకే మాట వాడేసరికి ఏది నిన్ను ఎంత బాధపెట్టిందో నాకు అంతుపట్టలేదు.

అసహ్యం అంటే సహించలేనిది. చాలా పెద్ద మాటమ్మా అది. సెంటు వాసనకి "నాకు పడదు" చాలు. పాలు పడవు, దుమ్ము పడదు అంటాం కదా, అందులో ఎవరి తప్పూ ఉండదు. గిట్టదు అన్నా దాదాపు అంతే. గిట్టుబాటులో ఉన్న గిట్టు అదే, కుదరడం అని అర్థం. ఇక రోజూ అవే ఫోన్ కబుర్లు చెవిన పడుతుంటే కలిగేది వెగటు. అది అతి వల్ల పుడుతుంది, కాస్త ఎడంగా ఉంటే పోతుంది.

ఈసడింపు వేరు. వెగటు మనకి కలుగుతుంది, ఈసడించడం మాత్రం మనం ఎదుటి మనిషికి చేసే పని. "దాని బట్టలూ, దాని వాలకమూ" అని రాశావు చూడు, అక్కడ నాకు కనిపించింది ఈసడింపే. అది నాకు నచ్చలేదు. ఆ బట్టలు నిన్నేం చేశాయి?

"అసహ్యం వేసింది" అన్నప్పుడు అది దానంతట అది కలిగింది. "అసహ్యించుకుంటున్నాను" అన్నావంటే దాన్ని నువ్వే పట్టుకుని ఉంచుకుంటున్నావు. ఈ తేడా మన వ్యాకరణంలోనే ఉంది. ఒక మనిషి గురించి ఆ రెండో మాట అనే ముందు బాగా ఆలోచించు.

నాట్యశాస్త్రంలో భరతుడు బీభత్స రసానికి జుగుప్సని, అంటే ఈ అసహ్యాన్నే, స్థాయీభావంగా, అంటే మూలమైన భావంగా చెప్పి, ఒళ్ళు ముడుచుకుపోవడం, మొహం చిట్లించడం, ఉమ్మివేయడం దాని గుర్తులన్నాడు. అంటే ముందు తెలిసేది ఒంటికే. ఊడ్చే ఆవిడ తిట్లు పడి తల దించుకుంటే నీకు ఒళ్ళంతా ఎలాగో అయిపోయిందని రాశావు. అసలైన అసహ్యం అదీ. అక్కడ మాత్రం "పడదు", "నచ్చలేదు" అని మాట తగ్గించకు. నువ్విలా మాట్లాడితే నాకు అసహ్యం వేస్తోందని ఆ అమ్మాయి మొహం మీదే చెప్పు. ఆవిడ కూడా వినేలా చెబితే ఇంకా మంచిది.

నాన్న